2.9 జీపీఏతో మెడికల్ సీటు: అమెరికాలో ఈ గండం ఎలా తయారైంది

మన దగ్గర ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్ రాస్తారు. ర్యాంకు వస్తే సీటు, రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్. ఇంటర్ సైన్స్ సబ్జెక్టుల్లో జనరల్ కేటగిరీ వాళ్లకు 50 శాతం దాటితే చాలు, ఆ మార్కుల మెమో మళ్లీ ఎవరూ తిరగెయ్యరు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ చెయ్యాలి, తర్వాత ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఆ తర్వాతే మెడికల్ స్కూలుకు అప్లికేషన్. డిగ్రీలో చదివిన ప్రతి కోర్సు గ్రేడూ వెంటే వస్తుంది. ఆ గ్రేడ్లన్నిటి సగటే జీపీఏ. మొదటి సెమిస్టర్‌లో ఇంటిమీద బెంగతోనో, జబ్బుచేసో, పార్ట్‌టైమ్ ఉద్యోగం వల్లో తెచ్చుకున్న సి గ్రేడును ఏడేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు చూస్తారు.

2023లో అక్కడ ఎండీ కోర్సులకు (మన ఎంబీబీఎస్ లాంటివి) దాదాపు 52,500 మంది అప్లై చేస్తే సుమారు 23 వేల మంది చేరారు. చేరినవారి సగటు జీపీఏ 4కి 3.77. అందుకే 2.9తో, 3.1తో డిగ్రీ పూర్తిచేసిన పిల్లలున్న ఇంట్లో ఒకటే టెన్షన్: ఇక డాక్టర్ చదువు లేనట్టేనా? 1965 వలస చట్టం తర్వాత విశాఖ, గుంటూరు, హైదరాబాద్ కాలేజీల్లో ఎంబీబీఎస్ చేసి వెళ్లిన తెలుగు డాక్టర్ల ఇళ్లలో ఈ ప్రశ్న మరీ వింతగా వినిపిస్తుంది. వాళ్లు విదేశీ డాక్టర్లకు పెట్టిన పరీక్ష పాసై, రెసిడెన్సీ అనే ఆస్పత్రి శిక్షణ చేసి స్థిరపడినవాళ్లు. జీపీఏ అనే గండం వాళ్లకు ఎదురు కాలేదు, పిల్లలకు ఎదురైంది.

ఈ అంకెకు ఇంత బలం మొదటినుంచీ లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర దాకా అమెరికాలో చాలా మెడికల్ కాలేజీలు డాక్టర్లు సొంతంగా నడుపుకున్న వ్యాపారాలే. ఫీజు కట్టగలిగితే సీటు దొరికేది, హైస్కూలు చదువు కూడా పూర్తికాని వాళ్లు చేరిపోయేవారు. 1893లో బాల్టిమోర్‌లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూల్ మాత్రం డిగ్రీ ఉంటేనే రమ్మంది. కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ చదివి ఉండాలంది. ఆ షరతుల వెనక మేరీ గారెట్ అనే సంపన్నురాలి పట్టుదల ఉంది. స్కూలు తెరవడానికి డబ్బు తక్కువైతే ఆమె ఇచ్చింది, బదులుగా ఆడవాళ్లను మగవాళ్లతో సమానంగా చేర్చుకోవాలని, ప్రవేశ ప్రమాణాలు కఠినంగా ఉండాలని రాయించుకుంది.

హాప్కిన్స్ నమూనాను దేశమంతటికీ కొలబద్దగా చేసింది 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక. కార్నెగీ ఫౌండేషన్ తరఫున ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 మెడికల్ స్కూళ్లు తిరిగి చూశాడు. ఆయన డాక్టరు కాదు, బడి నడిపిన ఉపాధ్యాయుడు. ల్యాబు లేని కాలేజీలు, కోసి నేర్చుకోవడానికి శవం దొరకని కాలేజీలు, ప్రకటనల్లో మాత్రమే ఉన్న ఆస్పత్రులు, అన్నిటినీ పేర్లతో సహా రాశాడు. అప్పటికే మొదలైన మూసివేతలు ఊపందుకున్నాయి. 1920ల ఆరంభానికి అమెరికాలో ఎనభై చిల్లర స్కూళ్లు మిగిలాయి. నల్లజాతి వారి కోసం నడిచిన ఏడింటిలో ఐదు మూతపడి హోవర్డ్, మెహారీ మిగిలాయి. నాసిరకం చదువు పోయిన మాట నిజమే. దాంతోపాటు పేదవాడికి, ఆడవాళ్లకు, నల్లవాళ్లకు అందుబాటులో ఉన్న దారులు కూడా పోయాయి. సీట్లు తగ్గి, అడిగేవాళ్లు పెరిగాక ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్న మొదటిసారి గట్టిగా వచ్చింది.

ఆ రోజుల్లో కాలేజీలను వేధించిన సమస్య డ్రాపవుట్లు. 1920లలో కొన్ని స్కూళ్లలో చేరినవారిలో సగం మంది మధ్యలోనే మానేసేవారు. దానికి మందుగా 1928లో ఎఫ్.ఏ. మాస్ అనే సైకాలజిస్ట్ ఒక పరీక్ష తయారుచేశాడు. అది పేర్లు మార్చుకుంటూ 1948కి ఎంక్యాట్ అయింది. దాని ఉద్దేశం మంచి డాక్టర్ ఎవరో తేల్చడం కాదు, బేసిక్ సైన్స్ చదువు తట్టుకోలేక మధ్యలో పోయేవాళ్లు ఎవరో ముందే పసిగట్టడం. డిగ్రీ గ్రేడ్లు కూడా ఆ పనికే పనికొచ్చాయి. నేటికీ జీపీఏ బాగా అంచనా వెయ్యగలిగేది మెడికల్ స్కూలు తొలి ఏళ్ల పరీక్షలనే. వార్డులో రోగి పక్కన కూర్చున్నప్పుడు ఎలా ఉంటారన్నది ఆ అంకెకు తెలియదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మార్కులు ఎన్ని ఉన్నా అప్పట్లో కొందరికి సీటు వచ్చేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముందూ తర్వాతా తూర్పు తీరంలోని పేరున్న స్కూళ్లు యూదు విద్యార్థులకు రహస్య కోటాలు పెట్టాయి. ‘వ్యక్తిత్వం చూశాం’ అని ఇంటర్వ్యూ పేరు చెప్పి తిప్పి పంపేవారు. అందుకే ఆ తర్వాతి తరం అంకెలను నమ్ముకుంది. అంకె కులమతాలు అడగదు కదా అన్నది అప్పటి వాదన, అందులో న్యాయం ఉంది.

అసలు మలుపు 1960లు, 70లలో వచ్చింది. 1963 చట్టంతో కేంద్రం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాక 1980 నాటికి మెడికల్ సీట్లు దాదాపు రెట్టింపయ్యాయి. కానీ అడిగేవాళ్లు అంతకంటే వేగంగా పెరిగి 1974లో 42 వేలు దాటారు. అదే సమయంలో గ్రేడ్లు ఉబ్బడం మొదలైంది. వియత్నాం యుద్ధ కాలంలో క్లాసులో వెనకబడిన కుర్రాడికి సైన్యం పిలుపు వచ్చే ప్రమాదం ఉండేది, దాంతో సి వెయ్యాల్సిన చోట బి వేసిన ప్రొఫెసర్లు ఉన్నారు. యుద్ధం అయిపోయింది, గ్రేడ్లు మాత్రం కిందికి దిగలేదు. 2013లో హార్వర్డ్ కాలేజీ తమ దగ్గర అన్నిటికంటే ఎక్కువగా పడే గ్రేడు ‘ఏ’ అని ఒప్పుకుంది. అందరికీ ఏ పడుతున్న చోట ఒక్క సి ఎంత పెద్దగా కనిపిస్తుందో ఊహించుకోవచ్చు.

ఆ కాలపు వడపోత లోపలినుంచి ఎలా ఉండేదో కోర్టు రికార్డుల్లో దొరుకుతుంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌కు 1973లో 100 సీట్లకు 2,464 అప్లికేషన్లు వచ్చాయి. మామూలు దారిలో జీపీఏ 2.5 లోపు ఉంటే ఫైలు చూడకుండానే పక్కన పెట్టేవారు. 16 సీట్లు మైనారిటీల ప్రత్యేక కార్యక్రమానికి కేటాయించారు, దానికి ఆ 2.5 గీత లేదు. ఆ ఏడాది మామూలు దారిలో చేరినవారి సగటు జీపీఏ 3.49, ప్రత్యేక కార్యక్రమంలో చేరినవారిది 2.88. అలెన్ బాకీ అనే ఇంజినీరు 3.46తో, మంచి ఎంక్యాట్ స్కోరుతో రెండేళ్లు వరసగా అప్లై చేసి, సీటు రాక కేసు వేశాడు. ముప్పై దాటిన వయసు కూడా ఆయనకు అడ్డమైందన్నది ఈ కథలో జనం మరిచిపోయే సంగతి. 1978లో సుప్రీంకోర్టు ఆయన్ని చేర్చుకోమంది, సీట్ల కోటా చెల్లదంది, కానీ జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడొచ్చంది. ఆ వెసులుబాటును 2023లో అదే కోర్టు తీసేసింది. ఈ తీర్పుల మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. నాకు ఇక్కడ కొట్టొచ్చినట్టు కనిపించేది ఆ 3.49. అప్పట్లో డేవిస్ లాంటి చోట అది చేరినవారి సగటు, ఇప్పుడు అదే అంకెతో ఉన్నవాళ్లు తమది తక్కువ జీపీఏ అని దిగులుపడుతున్నారు.

1980లో ఒక ప్రభుత్వ కమిటీ డాక్టర్లు ఎక్కువైపోతారని లెక్క కట్టింది. దాంతో పాతికేళ్ల పాటు ఎండీ సీట్లు దాదాపు కదల్లేదు. జనాభా పెరిగింది, సీట్లు పెరగలేదు. మధ్యలో 1988లో అప్లై చేసేవాళ్లే 27 వేల లోపుకు పడిపోయారు. ఆ ఏడాది ప్రతి ఐదుగురిలో ముగ్గురికి సీటు దొరికిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1996కి మళ్లీ 47 వేలకు చేరారు. కోవిడ్ సమయంలో 62 వేలు దాటారు. 2006లో మెడికల్ కాలేజీల సంఘం సీట్లు 30 శాతం పెంచాలని పిలుపునిచ్చి, కొత్త స్కూళ్లు తెరిపించినా ఒత్తిడి తగ్గలేదు. అంటే ఒకే 3.2 జీపీఏ పుట్టిన ఏడాదిని బట్టి పాస్ అయింది, ఫెయిల్ అయింది.

అంకెలు తక్కువైనవాళ్లు నిజంగా చదవలేరా అన్న ప్రశ్నకు టెక్సస్‌లో అనుకోకుండా ఒక పరీక్ష జరిగింది. 1979లో హ్యూస్టన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్ 800 మందిని ఇంటర్వ్యూ చేసి, వరసగా ర్యాంకులిచ్చి, 350 లోపు ర్యాంకుల నుంచి 150 మందిని తీసుకుంది. అంతా అయ్యాక రాష్ట్ర శాసనసభ క్లాసును 200కి పెంచమంది. మంచి ర్యాంకుల వాళ్లు అప్పటికే వేరేచోట్ల చేరిపోయారు. మిగిలింది అట్టడుగువాళ్లే. 700 నుంచి 800 మధ్య ర్యాంకుల నుంచి 50 మందిని పిలిచారు. వాళ్లలో చాలామందికి ఇంకెక్కడా సీటు రాలేదు. తర్వాత కొందరు పరిశోధకులు ఈ రెండు గుంపులనూ చదువు పూర్తయ్యేదాకా, రెసిడెన్సీ మొదటి ఏడాది దాకా గమనించి 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించారు. మధ్యలో మానేసినవాళ్ల సంఖ్యలో గానీ, క్లినికల్ పనిలో గానీ, ఆనర్స్‌లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

అయితే ఈ కథను తక్కువ జీపీఏకి పూర్తి సాక్ష్యంగా వాడేసుకోవడం తొందరపాటు. రెండు గుంపుల మధ్య తేడాలో మార్కుల వాటా మూడో వంతు కూడా లేదు, మిగతాదంతా ఎక్కువగా ఇంటర్వ్యూ కమిటీ అభిప్రాయమే. పైగా ఇంటర్వ్యూ దాకా వచ్చారంటే ఆ 800 మందీ ఒక గీత దాటినవాళ్లే. అది తేల్చింది ఒక్కటే: ఆ గీత దాటాక జరిగే వడపోత మనం అనుకున్నంత శాస్త్రీయం కాదు.

ముందు తలుపు మూసుకున్నవాళ్లు పక్క తలుపులు వెతుక్కున్నారు. ఎముకలు, కండరాలను చేతులతో సరిచేసే చికిత్సతో మొదలైన ఆస్టియోపతిక్ వైద్యం స్కూళ్లు ఒక దారి. 1892లో మిస్సోరిలోని కిర్క్స్‌విల్‌లో ఆండ్రూ టేలర్ స్టిల్ మొదలుపెట్టిన ఈ శాఖను ఎండీలు దశాబ్దాల పాటు చిన్నచూపు చూశారు. ఇప్పుడు ఈ స్కూళ్లిచ్చే డీఓ డిగ్రీకి అన్ని రాష్ట్రాల్లో పూర్తి వైద్య హక్కులున్నాయి, 2020 నుంచి రెసిడెన్సీల గుర్తింపు వ్యవస్థ కూడా ఒకటే. జీపీఏ తక్కువైనవాళ్లకు వీళ్లిచ్చిన పెద్ద వరం గ్రేడు మార్పిడి. ఒక కోర్సు మళ్లీ చదివితే పాత గ్రేడు లెక్కలోంచి పోయేది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో డి వచ్చినవాడు మళ్లీ చదివి ఏ తెచ్చుకుంటే ఆ డి లేనట్టే. 2017లో ఆ సదుపాయం ఆపేశారు. ఎండీ స్కూళ్ల ఉమ్మడి అప్లికేషన్ మొదటినుంచీ రెండు గ్రేడ్లనూ లెక్కేస్తుంది. పాత గ్రేడు నిజంగా మాయమయ్యే చోటు టెక్సస్. అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ చట్టం కింద పదేళ్లు దాటిన గ్రేడ్లను చూడొద్దని అక్కడి ప్రభుత్వ స్కూళ్లను అడగొచ్చు. అడిగితే అప్పుడు సంపాదించిన క్రెడిట్లన్నీ పోతాయి, వాటిలో మంచివి ఉన్నా సరే.

రెండో దారి కరీబియన్. గ్రెనడాలోని సెయింట్ జార్జెస్ యూనివర్సిటీ 1970ల చివర అమెరికాలో సీటు రానివాళ్ల కోసమే అన్నట్టు మొదలైంది. 1983లో రీగన్ ఆ దీవి మీదికి సైన్యాన్ని పంపినప్పుడు చెప్పిన కారణాల్లో అక్కడ చదువుతున్న వందలమంది అమెరికన్ మెడికల్ విద్యార్థుల భద్రత ఒకటి. డిగ్రీ మార్కుల కథ ఒక యుద్ధం దాకా వెళ్లిందన్నమాట. అక్కడ సీటు సులువు, చివరిదాకా నిలబడి రెసిడెన్సీ తెచ్చుకోవడం కష్టం. తెలుగు ఇళ్లలో చాలామంది ఎంచుకునేది ఇంకోటి: పన్నెండో తరగతి తర్వాతే సీటు ఖాయం చేసే బీఎస్-ఎండీ కోర్సులు. మన ఇంటర్-ఎంబీబీఎస్ వరసకు దగ్గరగా ఉంటుంది గనక తల్లిదండ్రులకు ధైర్యం. అందులో కూడా కనీస జీపీఏ నిలుపుకోకపోతే ఆ హామీ రద్దవుతుంది.

మూడోది, ఇప్పుడు అందరూ చెప్పేది, డిగ్రీ తర్వాత మళ్లీ చదవడం. ఇక్కడ లెక్క చూడాలి. 120 క్రెడిట్లకు 2.9 ఉన్నవాడు పోస్ట్‌బాక్‌లో (డిగ్రీ అయ్యాక అదనంగా చదివే కోర్సులు) మరో 30 క్రెడిట్లు చదివి అన్నిట్లో ఏ తెచ్చుకున్నా మొత్తం 3.12 దగ్గరే ఆగుతుంది. ఏడాది కష్టానికి దక్కేది 0.22. కమిటీలు చూసేది ఆ 0.22 కాదు, గ్రేడ్లు ఏటేటా పైకి వెళ్లాయా లేదా అని. మెడికల్ విద్యార్థుల పక్కనే కూర్చోబెట్టి అదే సిలబస్ చదివించే స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. జార్జ్‌టౌన్‌ది వీటిలో పాతది, పేరున్నది. మాస్టర్స్ గ్రేడ్లు డిగ్రీ జీపీఏలో కలవవు, విడిగా ఉంటాయి. అందులో బాగా చేస్తే పాత గాయం మానదు గానీ కొత్త సాక్ష్యం దొరుకుతుంది. బాగా చెయ్యకపోతే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. 2007 నుంచి మెడికల్ కాలేజీల సంఘం ‘మొత్తం మనిషిని చూడండి’ అని ప్రచారం చేస్తోంది, చాలా కమిటీలు నిజాయితీగానే చూస్తాయి. కానీ ఒక్కో స్కూలుకు వేల ఫైళ్లు వచ్చిపడే చోట మొదటి కోత అంకెతోనే పడుతుంది.

ఈ దారులన్నిటికీ డబ్బు కావాలి. స్పెషల్ మాస్టర్స్‌లో ఫీజు, బస కలిపి ఏడాదికి 50 వేల డాలర్లు దాటడం వింతేమీ కాదు. దాన్ని ఇన్నాళ్లూ అప్పుగా నింపింది కేంద్రం ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణం. 2025 జూలైలో వచ్చిన చట్టం కొత్తగా తీసుకునేవాళ్లకు ఆ రుణాన్ని 2026 జూలై 1 నుంచి తీసేసింది. మెడికల్ స్కూలుకు ఇకమీదట కేంద్ర రుణం ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు. మామూలు మాస్టర్స్‌కు ఏడాదికి 20,500 డాలర్లు మాత్రమే. మిగతాది ప్రైవేటు బ్యాంకు ఇవ్వాలి, లేదా తల్లిదండ్రులు ఇవ్వాలి.