రక్తపోటు చెరువుకు అలుగు ఎక్కడ?

“మాత్ర వేసుకుంటే నాన్నగారి బీపీ 125కి దిగింది. నార్మల్ వచ్చేసింది కదా అని ఆయన మానేశారు. కొన్ని వారాలకే మళ్ళీ 160. నయం చెయ్యని మందు ఎందుకండీ?” అని ఒక పాఠకురాలు అడిగారు. “జీవితాంతం వాడాల్సిందే” అని డాక్టర్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. బయట ఓపీలో జనం అలా ఉంటారు మరి. ఆ ‘ఎందుకు’ వెనకాల పడి దశాబ్దాల పాటు కుక్కలతోనూ లెక్కలతోనూ కుస్తీ పట్టిన శాస్త్రవేత్త ఆర్థర్ గైటన్.

మన ఎంబీబీఎస్ విద్యార్థులకు ఈ పేరు పుస్తకం అట్ట మీద బాగా పరిచయం. “గైటన్‌లో ఉందా?” అనుకుంటూ ఉంటారు. 1956లో మొదటిసారి వచ్చిన ఆ ఫిజియాలజీ గ్రంథాన్ని ఎనిమిదో కూర్పు దాకా ఆయన ఒక్కరే రాశారు. 1919లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి కంటి డాక్టరు, తల్లి లెక్కలూ ఫిజిక్సూ చెప్పిన టీచరు. హార్వర్డ్‌లో వైద్యం చదివి, బోస్టన్‌లో సర్జన్‌గా శిక్షణ పొందుతుండగా 1946లో పోలియో వచ్చింది. ఒక కాలు, ఒక చెయ్యి, రెండు భుజాలు దెబ్బతిన్నాయి. ఆపరేషన్లు చేసే ఆశ పోయింది. కోలుకుంటున్న నెలల్లోనే చిన్న కర్రపుల్ల లాంటి మీటతో నడిచే మోటారు చక్రాల కుర్చీ తయారు చేశారు. తర్వాత సొంత రాష్ట్రానికి వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయంలో 1948 నుంచి 1989 వరకు ఫిజియాలజీ శాఖను నడిపారు. పిల్లలు పది మంది, అందరూ డాక్టర్లే. జీవితచరిత్ర ఇంతటితో చాలు. నన్ను పట్టుకున్నది ఆయన కిడ్నీ సిద్ధాంతం.

మెడికల్ కాలేజీలో మొదట బట్టీ పట్టించే సూత్రం ఒకటుంది: రక్తపోటు అంటే గుండె పంపే రక్తం ఇంటూ రక్తనాళాల నిరోధం. అంటే నాళాలు బిగుసుకుంటే బీపీ పెరుగుతుందనేగా అర్థం? పరీక్షలో అలా రాస్తే మార్కులు పడతాయి. సూత్రం తప్పు కాదు. కానీ గంట తర్వాత, వారం తర్వాత, ఏడాది తర్వాత ఆ రక్తపోటు ఎంత ఉండాలో నిర్ణయించేది ఎవరో ఈ సూత్రం చెప్పదు. గైటన్ పట్టుకున్నది అక్కడే.

ఒక చెరువును ఊహించుకోండి. వాగు నుంచి వచ్చే నీళ్ళు మనం రోజూ తినే ఉప్పు, తాగే నీళ్ళు. చెరువు నీటిమట్టం రక్తపోటు. అలుగు, మీ ఊళ్ళో మత్తడి అంటే మత్తడే, మన కిడ్నీ. నీళ్ళు అలుగు దాటి లేచాయంటే అంతకంతకూ జోరుగా కిందికి దూకుతాయి. కిడ్నీ పని అచ్చం ఇదే. సగటు రక్తపోటు (బీపీ పై అంకెకూ కింది అంకెకూ మధ్యలో ఉండేది) 100 దగ్గర ఉన్నప్పుడు మామూలుగా మూత్రం వస్తుంది. 50కి పడిపోతే దాదాపు ఆగిపోతుంది. 200కి పెంచితే, హార్మోన్ల జోక్యం లేకపోయినా, ఆరు నుంచి ఎనిమిది రెట్లు వస్తుంది, ఉప్పును కూడా వెంట తీసుకుపోతుంది.

ఇప్పుడు చెరువు శిఖం భూమి సగం కబ్జా చేసి ప్లాట్లు వేశారనుకోండి. చెరువు చిన్నదవుతుంది. నీటిమట్టం మాత్రం అలుగు దగ్గరే నిలుస్తుంది. శరీరంలోనూ అంతే. కాళ్ళూ చేతులూ కోల్పోయినవాళ్ళకు వాటిలోని నాళాలు కూడా పోతాయి కాబట్టి మొత్తం నిరోధం పెరుగుతుంది. సూత్రం ప్రకారం వాళ్ళందరికీ బీపీ రావాలి, రాదు. గుండె పంపే రక్తమే ఆ మేరకు తగ్గుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేసేవాళ్ళలో దీనికి తలకిందులుగా నిరోధం తగ్గి, రక్తప్రవాహం పెరుగుతుంది. సగటు రక్తపోటు మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. కిడ్నీ లోపలి నాళాలు బిగుసుకుంటే తప్ప, మిగతా ఒళ్ళంతా బిగుసుకున్నా మట్టం ఎక్కువ కాలం పైన నిలవదు.

మరి టెన్షన్ వల్ల బీపీ వస్తుందంటారే? టెన్షన్‌లో బీపీ లేవడం నిజమే. కానీ అది గాలికి చెరువులో లేచే అల. మెడలోని పెద్ద ధమనుల్లో పీడనాన్ని పసిగట్టే నాడులుంటాయి, ఈ అలల్ని అణిచేవి అవే. గైటన్ బృందం 1973లో కుక్కల్లో ఈ నాడులను పనిచేయకుండా చేసి చూసింది. రక్తపోటు రోజంతా పిచ్చిగా ఎగిరి దూకింది. సగటు తీస్తే దాదాపు మామూలే!

ఇక్కడ కాస్త లెక్క ఉంది, ఓపిక పట్టండి. ఆ నాడులు లేని కుక్కకు రక్తం ఎక్కిస్తే పీడనం 100 నుంచి 175కి లేచింది అనుకుందాం. నాడులున్న కుక్కలో 125 దగ్గర ఆగింది. 75 పెరగాల్సింది 50 సర్దుబాటైంది, 25 మిగిలింది. సర్దినదాన్ని మిగిలినదాంతో భాగిస్తే 2. ఆ నాడుల సత్తా అంత. అదీ ఒకటి రెండు రోజులే, ఆ తర్వాత కొత్త మట్టానికే అలవాటు పడిపోతాయి. కిడ్నీ అలా కాదు, మట్టం అలుగుకు దిగేదాకా వదులుతూనే ఉంటుంది. చివరికి మిగిలేది సున్నా. సున్నాతో భాగిస్తే అనంతం. గైటన్ దీన్ని నిజంగానే ‘అనంత శక్తి’ అన్నారు. తోటి శాస్త్రవేత్తలు చాలామందికి మింగుడుపడని మాట అది.

ఇక అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చండి. కొన్ని రోజులు నీళ్ళు తక్కువ పోతాయి, చెరువు నిండుతుంది. మట్టం బస్తాల పైకి రాగానే వచ్చినన్ని నీళ్ళు మళ్ళీ పోతాయి. బీపీ ఉన్నవాళ్ళూ తిన్నంత ఉప్పును మూత్రంలో వదిలేస్తారు. అంత ఉప్పును బయటికి నెట్టడానికి వాళ్ళ కిడ్నీకి ఎక్కువ పీడనం కావాలి, తేడా అక్కడ. మాత్ర చేసే పని బస్తాలు దించడం. మానేస్తే బస్తాలు మళ్ళీ ఎక్కుతాయి. నాన్నగారికి 125 వచ్చిందంటే మందు పనిచేస్తోందని అర్థం.

అలుగు పొడవు తగ్గితే ఇంకో రకం తంటా. గైటన్ బృందం కుక్కల్లో కిడ్నీ భాగం దాదాపు 70 శాతం తీసేసింది. రక్తపోటు కొంచెమే పెరిగింది. తాగే నీటి బదులు ఉప్పునీళ్ళు పెడితే కొద్ది రోజుల్లోనే మామూలు కంటే 40 పాయింట్ల దాకా పైకి ఎగబాకింది. మంచినీళ్ళకు మారిస్తే రెండు రోజుల్లో దిగింది. వాగు చిన్నగా ఉంటే ఇరుకు అలుగు కూడా సరిపోతుంది, వరద వస్తేనే బయటపడుతుంది. అన్నట్టు, బీపీ అని సైంధవ లవణానికి మారేవాళ్ళు ఎందరో. అది కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. రంగు గులాబీ అయితే కిడ్నీకేం తెలుస్తుంది? రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఉన్న కంచంలో ఆ గీత ఎక్కడ దాటామో కనిపించదు.

ఆ కుక్కల్లో ఇంకో విషయం కనిపించింది. మొదట ఒంట్లో నీరు పెరిగింది, గుండె ఎక్కువ రక్తం పంపింది. తర్వాత మెల్లగా నాళాలు బిగుసుకున్నాయి, గుండె పంపేది మళ్ళీ మామూలుకు వచ్చింది. రోగి డాక్టరు దగ్గరికి వచ్చేది ఈ ఆఖరి దశలో, నేరమంతా నాళాలదే అనిపించే సమయంలో. నాళాల్ని బాగా సడలించే మినాక్సిడిల్ మాత్ర (ఇప్పుడు జుట్టు కోసం తలకు రాస్తున్నది ఈ మందే) ఒక్కటే ఇస్తే, ఒళ్ళు ఉప్పూ నీరూ పట్టి వాస్తుంది, బీపీ అనుకున్నంత తగ్గదు. అందుకే దానికి తోడు మూత్రం ఎక్కువ పోయే మందూ ఇవ్వాలి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు నేరుగా అలుగు మీదే పనిచేస్తాయి. ఉప్పు కరువైనప్పుడు అలుగును పెంచే యాంజియోటెన్సిన్ అనే హార్మోను పట్టును వదిలిస్తాయి.

1972లో గైటన్, ఇద్దరు సహచరులతో కలిసి, రక్తప్రసరణ మొత్తాన్నీ 350కి పైగా గళ్ళతో ఒకే పటంగా గీసి కంప్యూటర్‌కి ఎక్కించారు. విమానం వైరింగ్ పటం అనుకుంటారు చూస్తే. ఎన్ని తీగలున్నా చివరి మాట కిడ్నీదేనని అందులోనూ తేలింది. 1990లలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిఫ్టన్ బృందం, వంశపారంపర్యంగా బీపీ బాగా పెరిగే లేదా తగ్గే అరుదైన కుటుంబాల జన్యువులను వెతికింది. దొరికినవి దాదాపు అన్నీ కిడ్నీలో ఉప్పు వ్యవహారానికి సంబంధించినవే. గైటన్ అప్పటికి బతికే ఉన్నారు, 2003లో కారు ప్రమాదంలో మరణించారు.

ఆయనతో విభేదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ మాటలో పస ఉంది. కిడ్నీ ఒంటరి కాదు, మెదడు నుంచి నాడులు దానిదాకా వస్తాయి, బస్తాలు పేర్చమని పురమాయించేది మెదడే కావచ్చు కదా అంటారు. కిడ్నీ ధమని చుట్టూ ఉన్న ఆ నాడుల్ని కాల్చే చికిత్సకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో అనుమతి ఇచ్చింది. పరీక్షల్లో దానివల్ల రక్తపోటు తగ్గింది, అయితే సగటున కొద్ది పాయింట్లే. మెదడు చెయ్యి కూడా అలుగు మీద ఉందన్నమాట. ఆ చెయ్యి బరువు ఎంతో, ఏ రోగిలో ఎక్కువో ముందుగా చెప్పే పరీక్ష కోసం వెతుకుతూనే ఉన్నారు.