ఇంగ్లీషులో రాయలేకపోతున్న పిల్లలు: అమెరికా తెలుగు తల్లిదండ్రుల అపోహలు, అసలు సంగతులు

డాలస్ దగ్గర ఒక పబ్లిక్ స్కూల్లో ఇంగ్లీష్ ఇంకా పట్టుబడని పిల్లలకీ, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో (వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే ప్రత్యేక బోధనలో) ఉన్న పిల్లలకీ రాయడం నేర్పడం నా పని. రెండు జాబితాల్లోనూ పేరున్న పిల్లలూ ఉంటారు. ఈ చుట్టుపక్కల మనవాళ్ళు పెరిగాక, పేరెంట్ మీటింగ్ అయ్యాక పార్కింగ్‌లో ఆపి తెలుగులో అడిగే ప్రశ్నలు కూడా పెరిగాయి. వాటిలో పదేపదే వినిపించేవే ఇక్కడ రాస్తున్నాను. టెక్సాస్ నిబంధనలు చెబుతున్నాను, వేరే రాష్ట్రాల్లో పేర్లూ గడువులూ మారతాయి.

అపోహ: అడ్మిషన్ ఫారంలో ఇంటి భాష ఇంగ్లీష్ అని రాస్తే గొడవ వదిలిపోతుంది.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహా ఇది. తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీష్ ఇంకా రాని పిల్లలకిచ్చే ప్రత్యేక బోధనలో) పడేస్తారు, పిల్లాడు వెనకబడిపోతాడు అని భయం. తెలుగు అని రాస్తే జరిగేది ఒక పరీక్ష. అందులో ఇంగ్లీష్ సరిపోతుందని తేలితే ఈఎస్ఎల్ ఊసే ఉండదు. సరిపోదని తేలితే సాయం వస్తుంది. చాలా బడుల్లో అది వేరే గది కూడా కాదు, అదే క్లాసులో ఆ శిక్షణ ఉన్న టీచరు పాఠం చెప్పే తీరు మారుతుంది, అంతే. పిల్లాడు చురుకైనవాడైతే గిఫ్టెడ్ ప్రోగ్రాంకీ ఇది అడ్డు కాదు.

ఈ సాయం ఊరికే వచ్చింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీష్ రాని చైనీస్ పిల్లల తరఫున వేసిన లౌ వర్సెస్ నికోల్స్ కేసులో, అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1974లో తేల్చింది. ఈఎస్ఎల్ వద్దని తల్లిదండ్రులు రాసివ్వొచ్చు. కానీ ఇంగ్లీష్ ఎంత వచ్చిందో చూసే టెల్పాస్ పరీక్ష మాత్రం ఏటా రాయాల్సిందే. అంటే సాయం పోతుంది, పరీక్ష మిగులుతుంది.

అపోహ: గడగడా మాట్లాడేస్తున్నాడు, రాయట్లేదంటే బద్ధకమే.

ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లీష్ వేరు, సైన్స్ ప్రయోగం గురించి ఒక పేరా రాయడానికి కావాల్సిన ఇంగ్లీష్ వేరు. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఈ తేడాను దశాబ్దాల కిందటే చెప్పారు. మొదటిదానికి సుమారు రెండేళ్ళు చాలు, రెండోది తోటి పిల్లల స్థాయికి చేరాలంటే ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. మూడో తరగతిలో హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లను ఐదో తరగతిలో ‘ఇంకా రాయలేవా’ అని తిట్టేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

అపోహ: ముందు ఇంగ్లీష్ రానివ్వాలి, స్పెషల్ ఎడ్యుకేషన్ సంగతి తర్వాత చూడొచ్చు.

తల్లిదండ్రులే కాదు, కొందరు టీచర్లూ ఈ మాట అంటారు. ఇంగ్లీష్ రాకపోవడమే అసలు కారణమైతే దాన్ని వైకల్యం కింద కట్టకూడదని, వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఉన్న ఐడియా అనే అమెరికా చట్టం చెబుతుంది. అది మంచి నియమం. కానీ అనుమానం ఉన్నా పరీక్షించకుండా ఏళ్ళ తరబడి కూర్చోమని ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు. పిల్లకి రెండూ అవసరమైతే రెండూ ఇవ్వాలి.

మరి సమస్య భాషదా, ఇంకేదైనానా అని ఎలా తెలుస్తుంది? ఒక పిల్ల ‘మై గ్రాండ్‌మదర్ వెరీ గుడ్ కుక్’ అని రాసింది. ‘ఈజ్’ లేదు, ‘ఎ’ లేదు. తెలుగులో ‘మా నాన్న డాక్టర్’ అంటే వాక్యం పూర్తయిపోతుంది, మధ్యలో ఇంకే మాటా అక్కర్లేదు. కాబట్టి అది తెలుగు నుంచి వచ్చిన తప్పు, దిగులు పడాల్సిన పని లేదు. అదే పిల్లని అమ్మమ్మ పులిహోర ఎలా చేస్తుందో తెలుగులో చెప్పమన్నాను. అన్నం వార్చడం, చల్లార్చడం, చింతపండు పులుసు, పోపు, అన్నీ వరసలో చెప్పింది. బుర్రలో వరస ఉంది, కాగితం మీద పెట్టడానికి ఇంగ్లీష్ మాటలు లేవు. ఇంకో పిల్లాడు తెలుగులో కూడా పోపుతో మొదలుపెట్టి, అన్నం దగ్గరికి వెళ్ళి, మధ్యలో వదిలేస్తే, ఇంట్లోనూ ఎప్పుడూ అంతే అని అమ్మ చెబితే, అప్పుడు నాకు అనుమానం వస్తుంది. ఇది పరీక్ష కాదు, పరీక్ష అడగాలా వద్దా అన్న తొలి చూపు మాత్రమే. (ఇక్కడే పుట్టి తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లల విషయంలో తేల్చడం కష్టం. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలు చెప్పే సంగతులు అప్పుడు చాలా పనికొస్తాయి.)

అనుమానం ఉంటే నోటిమాటగా వదిలేయకుండా రాసి అడగండి. స్కూలు 15 బడి రోజుల్లో జవాబివ్వాలి. మీరు సమ్మతి సంతకం పెట్టి ఇచ్చాక మామూలుగా 45 బడి రోజుల్లో పరీక్షల నివేదిక పూర్తి కావాలి. ఆ తర్వాత, పిల్లకి స్పెషల్ ఎడ్యుకేషన్ కావాలో వద్దో తేల్చడానికి జరిగే ఏఆర్‌డీ మీటింగ్‌లో మాట అర్థం కాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు. మొహమాటపడకండి, డబ్బు మీరు కట్టక్కర్లేదు.

అపోహ: ఖాళీలు పూరించే వాక్యాలు, గళ్ళ కాగితాలు (ఆలోచనలు వరసగా రాసుకునేవి) ఇస్తే పిల్లలు సోమరులవుతారు.

దీనికి ఎదురు అపోహ ఇంకోటుంది, అది టీచర్లలో ఎక్కువ: ఒక వర్క్‌షీట్ ఇచ్చేస్తే సాయం చేసినట్టే. నన్నడిగితే రెండోదే ఎక్కువ చేటు.

1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల చేత చెక్కముక్కలతో పిరమిడ్ కట్టించి, పక్కన ఒక టీచర్‌ని కూర్చోబెట్టారు. పిల్లలు చేయగలిగినంత వాళ్ళనే చేయనివ్వాలి, ఆగిన చోటే చెయ్యి వేయాలి. మేం ఇప్పుడు చేసే పనికి మూలం అదే. స్లాబ్ కింద సెంట్రింగ్ లాంటిది ఈ సాయం. తొందరపడి విప్పితే స్లాబ్ కూలుతుంది, అసలు విప్పకపోతే గది వాడుకోలేం.

నా క్లాసులో ముందు నేనే బోర్డు మీద రాస్తాను, ఏం ఆలోచిస్తున్నానో పైకి చెబుతూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ. తర్వాత పిల్లలు చెబుతుంటే రాస్తాను. ఆ తర్వాత ‘ఐ థింక్ ___ బికాజ్ ___’ లాంటి వాక్యం ఇస్తాను. కొన్నాళ్ళకి మొదటి రెండు మాటలే ఇస్తాను. ఆపైన గోడ మీద ‘బికాజ్, బట్, సో’ మిగులుతాయి. చివరికి అవీ తీసేస్తాను. క్లాసులో అందరి వ్యాసాలూ ఒకేలా ఉన్నాయంటే ఆ ఖాళీల వాక్యాన్ని తీయాల్సిన రోజు దాటిపోయిందని అర్థం.

ఎవరికి ఏది అన్నది ఇంకా ముఖ్యం. మాటలు లేని పిల్లకి మాటల పట్టీ, వాక్యం మూస కావాలి. ఆలోచనలు కుప్పగా వచ్చేవాడికి ప్లాన్ కావాలి. డిస్‌గ్రాఫియా (చేత్తో రాయడమే కష్టమయ్యే ఇబ్బంది) ఉన్నవాడికి ఈ రెండూ అక్కర్లేకపోవచ్చు, కీబోర్డు ఇస్తే చాలు. ముగ్గురికీ ఒకే కాగితం ఫొటోకాపీ తీసి పంచితే ఇద్దరికి దండగ.

ప్లాన్ కోసం నేను ఎక్కువగా వాడేది ‘ట్రీ’. కారెన్ హారిస్, స్టీవ్ గ్రేహమ్ రూపొందించిన పద్ధతిలోది. ముందు విషయం (టాపిక్), తర్వాత కారణాలు (రీజన్స్), వాటికి వివరణ (ఎక్స్‌ప్లెయిన్), ఆఖర్న ముగింపు (ఎండింగ్). నాలుగు ఇంగ్లీష్ అక్షరాలే. పిల్లలు దాన్ని బట్టీ పడతారు, అది కూడా పద్ధతిలో భాగమే. టెక్సాస్ రాష్ట్ర పరీక్ష ‘స్టార్’కి మామూలుగా నా గళ్ళ కాగితం తీసుకెళ్ళనివ్వరు. కానీ చిత్తు కాగితం పైన ఆ నాలుగు అక్షరాలు పిల్లాడే నిలువుగా రాసుకుని పక్కన ఒక్కో మాట పెట్టుకుంటే ఎవరూ కాదనరు.

అపోహ: ముందు స్పెల్లింగు, గ్రామరు సరిచేస్తే రాత అదే వస్తుంది.

4 నుంచి 12 తరగతుల పరిశోధనలను స్టీవ్ గ్రేహమ్, డొలోరెస్ పెరిన్ 2007లో కలిపి చూశారు. ప్లాన్ చేయడం, తిరగరాయడం ఎలాగో నేర్పితే బాగా ఫలితం వచ్చింది, విడిగా గ్రామర్ పాఠాలు చెబితే రాత మెరుగుపడలేదు. స్టార్ పరీక్ష వ్యాసానికి ఇక్కడ మార్కులు వేసే తీరు చూడండి. అయిదులో మూడు ఆలోచనలకీ వాటి అమరికకీ, రెండే స్పెల్లింగ్ వగైరాలకి. మొదటిదానిలో సున్నా వస్తే రెండోదానిలోనూ సున్నాయే. ఇంట్లో ఎర్ర పెన్ను పక్కన పెట్టి, ‘ఎందుకు అలా అనుకున్నావ్’ అని ఒక్క ప్రశ్న అడగండి. తెలుగులో అడిగినా పర్లేదు.

అపోహ: నోటితో చెప్పి కంప్యూటర్‌తో టైప్ చేయించడం కాపీ కొట్టడమే.

చేతిరాత మార్కుల కోసం రాసే పనైతే అనుకోవచ్చు. వ్యాసంలో చూసేది ఆలోచన. అయితే అర్హత ఉన్న పిల్లలకి కూడా ఇలాంటివి స్టార్ పరీక్షలో ఇవ్వాలంటే క్లాసులో మామూలుగా, సొంతంగా వాడుతూ ఉండాలి. పరీక్ష ముందు ఏప్రిల్‌లో గుర్తొచ్చి అడిగితే లాభం లేదు. ఏఆర్‌డీ మీటింగ్‌లో సంతకం పెట్టేముందే ఐఈపీలో (పిల్లకి ఏ సాయం ఇవ్వాలో రాసే ప్రణాళికలో) ఈ సాయం గురించిన వాక్యం పడిందో లేదో చూసుకోండి, పడకపోతే అక్కడే రాయించండి.