ముంపును తట్టుకునే స్వర్ణ: అపోహలు - వాస్తవాలు

వరిలో కొత్త రకాలు తయారుచేసే పని నాది. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు వెళ్తే రైతులు ఎక్కువగా అడిగేది స్వర్ణ సబ్-1 గురించే. స్వర్ణ అనే వరి రకానికి ముంపును తట్టుకునే జన్యువు చేర్చి తయారుచేసిన రకమిది. వంశధార పొంగితే ఉభాలైన మడులన్నీ నీళ్ళపాలయ్యే చోట ఆ టెన్షన్ ఉండదా మరి.

అపోహ: "జన్యువు పెట్టారంటే అది జీఎం (జన్యుమార్పిడి) పంటే."

కాదు. మన దేశంలో వాణిజ్య సాగుకు వచ్చిన జీఎం పంట పత్తి ఒక్కటే. ఈ వరికి ముంపును తట్టుకునే గుణం వచ్చింది ఒడిశా పాత దేశవాళీ ఢాలాపుటియా నుంచి. దాని నుంచి ఎంపిక చేసిందే ఎఫ్‌ఆర్-13ఏ. ఆ వారసత్వమున్న రకాన్ని స్వర్ణతో మామూలు పద్ధతిలోనే సంకరం చేసి, వచ్చిన మొక్కల్ని మళ్ళీ మళ్ళీ స్వర్ణతో కలిపారు. ఆ గుణం తొమ్మిదో క్రోమోజోమ్‌లో ఏ చోట ఉందో తెలుసు కాబట్టి, లేత మొక్క నుంచి ఆకు ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేస్తే చాలు, ఏది ఉంచాలో ఏది పీకేయాలో తేలిపోతుంది. 2009లో ఈ రకం మన దేశంలో విడుదలైంది.

అపోహ: "వడ్లు బంగారు రంగులో లేవు, విత్తనం నకిలీ."

స్వర్ణ వడ్లు బంగారు రంగు, సబ్-1 వడ్లు గడ్డి రంగు. పొట్టు రంగును మార్చే జన్యువు ముంపు జన్యువు పక్కనే ఉండి, దాంతోపాటే వచ్చేసింది. పొట్టు తీస్తే లోపల స్వర్ణ బియ్యమే. రంగు చూసి మంచి విత్తనాన్ని వెనక్కి ఇచ్చేయకండి.

అపోహ: "ఇక ఎంత వరదొచ్చినా భయం లేదు."

నాకు అన్నిటికన్నా దిగులు కలిగించే మాట ఇదే. మామూలు వరి నీట మునగగానే పైకి సాగి, ఉన్న శక్తంతా ఖర్చు చేసుకుని, నీరు తీశాక వాలిపోతుంది. సబ్1ఏ అనే ఈ ముంపు జన్యువు ఉన్న మొక్క ఎదుగుదల ఆపి పిండిపదార్థాన్ని దాచుకుంటుంది. అదీ సుమారు రెండు వారాలే. బురద నీటిలో ఇంకా తక్కువ. నెలల తరబడి మోకాలి లోతు నిలిచే నీటికి ఇది మందు కాదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినట్టు చేను ఈనే వేళ మునిగితే ఈ జన్యువు కాపాడలేదు. నాటిన తొలి వారాల్లో మునిగితే మాత్రం, నీరు తీయగానే దున్నేయకండి. ఆకులు కుళ్ళినట్టు కనిపించినా వారం ఆగి, దుబ్బు మధ్యలో పచ్చటి మొవ్వ లేస్తోందేమో వంగి చూడండి.

అపోహ: "ఏటా విత్తనం కొనాల్సిందే."

అక్కర్లేదు, ఇది హైబ్రిడ్ కాదు. కల్తీ మొక్కలు ఏరేసి మీ వడ్లే దాచుకోవచ్చు.

అపోహ: "కొత్తవి వచ్చాక పాత వడ్లెందుకు?"

ఢాలాపుటియాను ఎవరూ దాచకపోతే ఈ రకమే లేదు. జయపురం, కొరాపుట్ కొండల దేశవాళీల్లో ఇంకా ఏ గుణాలు దాగున్నాయో వెతకాల్సింది చాలా ఉంది. మీ ఇంట్లో తాతలనాటి రకం ఉంటే, వచ్చే ఖరీఫ్‌లో చిన్న మడిలోనైనా వేయండి. దాని పేరు, అది ఏ నేలలో నిలబడుతుందో రాసి, గుప్పెడు వడ్లు దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో ఇవ్వండి.