ఉత్తరంలో ముందు తారీఖు చూడండి

తాడేపల్లిగూడెం,
ఏప్రిల్ 30.

చిరంజీవులు శ్రీకర్, లాస్యలకు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మమ్మా క్షేమం. మీరు కూడా పెర్త్‌లో అమ్మానాన్నలతో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మొన్న వీడియో కాల్‌లో శ్రీకర్ ఒక మాట అడిగాడు. ఆస్ట్రేలియాలో ఏటా ఏప్రిల్ 25న యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే ఆంజాక్ డే కోసం స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారని, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1915లో ఈజిప్టులోని మేనా క్యాంపు నుంచి ఒక సైనికుడు వాళ్ళమ్మకు రాసిన ఉత్తరాలు చదివారని చెప్పాడు. "యుద్ధానికి వెళ్ళినవాడు పిరమిడ్ ఎక్కాననీ, మేజోళ్ళు పంపమనీ రాశాడేంటి తాతయ్యా? యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు, బోరు" అన్నావు కదరా. నేను జవాబు మొదలుపెట్టేసరికి నెట్ ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు తపాలా ఆఫీసులో పనిచేసిన వాణ్ణి. ఉత్తరాల గురించి ఉత్తరంలో చెప్పడమే నాకు బాగుంటుందనిపించింది. అమ్మ చదివి వినిపిస్తుంది. లాస్యమ్మకు అర్థం కాకపోతే అక్కడ ఆపి అడగాలి.

ఆ కుర్రాళ్ళు ఈజిప్టు ఎందుకు వెళ్ళారో ముందు చెప్తాను. 1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. ఆస్ట్రేలియా బ్రిటిష్ సామ్రాజ్యంలోది కాబట్టి అదీ దిగాల్సి వచ్చింది. అప్పటికి మొత్తం ఆస్ట్రేలియా జనాభా 50 లక్షలు కూడా లేదు. ఎవరినీ బలవంతం చేయలేదు, పేరు ఇచ్చినవాళ్ళంతా తమంతట తాము వచ్చినవాళ్ళే. గొర్రెలు కాసేవాళ్ళు, గనుల్లో పనిచేసేవాళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, బడిపంతుళ్ళు. నవంబరు 1న మీ రాష్ట్రంలోని ఆల్బనీ రేవు నుంచి ఓడలు బారులు తీరి కదిలాయి. మీ ఫ్రీమాంటిల్ నుంచి బయల్దేరిన రెండు ఓడలు సముద్రంలో వాటితో కలిశాయి. మీ పెర్త్ వైపు కుర్రాళ్ళతో ఏర్పడిన 11వ బెటాలియన్ అనే సైనిక దళం ఆ రెండింట్లో ఒకదానిలో ఉంది. న్యూజిలాండ్ వాళ్ళతో కలిపి మొత్తం 38 ఓడలు, దాదాపు 30 వేల మంది, 7 వేలకు పైగా గుర్రాలు.

ఆ ప్రయాణంలో మనకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. ఆ రోజుల్లో హిందూ మహాసముద్రంలో ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక తిరుగుతుండేది. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద గుళ్ళు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను తగలబెట్టింది అదే. అప్పుడు మన గోదావరి జిల్లాలు కూడా మద్రాసు రాజధానిలోనివే. జనం భయపడి మూటాముల్లే సర్దుకుని ఊరు విడిచిపోయారు. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆ ఎమ్డెన్‌ను ఓడించింది, మీ సైనికుల ఓడలకు కాపలాగా వస్తున్న సిడ్నీ అనే ఆస్ట్రేలియా నౌక. మద్రాసును హడలగొట్టిన ఓడ కథ అలా ముగిసింది.

వాళ్ళంతా ఇంగ్లండు వెళ్తున్నామనే అనుకున్నారు. అక్కడి క్యాంపుల్లో అప్పటికే కెనడా సైనికులు వానల్లో, బురదలో అవస్థ పడుతున్నారు. టర్కీ కూడా యుద్ధంలోకి దిగింది. అందుకని దారిలో ఉండగానే వీళ్ళను ఈజిప్టులో దింపాలని నిర్ణయం జరిగింది. డిసెంబరులో అలెగ్జాండ్రియాలో దిగి, రైల్లో కైరో వచ్చి, అక్కడి నుంచి పదహారు కిలోమీటర్ల దూరంలో పిరమిడ్ల పక్కన ఇసుకలో వాళ్ళు వేసుకున్న గుడారాల ఊరే మేనా క్యాంపు. మొదటి రోజుల్లో అందరికీ సరిపడా గుడారాలు కూడా రాలేదు. చాలామంది ఆకాశం కింద దుప్పటి కప్పుకుని పడుకున్నారు.

ఇప్పుడు నువ్వు చదివిన ఉత్తరం దగ్గరికి వస్తాను. పిరమిడ్ ఎక్కాననే సంగతి దాదాపు ప్రతివాడూ ఇంటికి రాశాడు. ఎందుకు రాయడు? ఇరవై ఏళ్ళ పల్లెటూరి కుర్రాడు. బడిలో బొమ్మల్లో మాత్రమే చూసిన దాన్ని తెల్లారి లేవగానే గుడారం గుమ్మంలోంచి చూస్తున్నాడు. 1915 జనవరి 10న, ఆదివారం, మీ 11వ బెటాలియన్ వాళ్ళు పెద్ద పిరమిడ్ మెట్ల మీద బారులుగా కూర్చుని ఫొటో దిగారు. అందులో 703 మంది ఉన్నారు. నెట్‌లో వెతికితే దొరుకుతుంది, పెద్దది చేసి చూడండి. కొందరు నవ్వుతున్నారు, కొందరు ఎండకు కళ్ళు చికిలించారు. వాళ్ళలో ఎవరెవరో గుర్తుపట్టే పనిలో మీ పెర్త్ వాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడ్డారు.

వాళ్ళు కంగారూను కూడా వెంట తెచ్చుకున్నారు. పిరమిడ్ దగ్గర గుడారాల మధ్య నిలబడి, ఒక సైనికుడి వైపు చూస్తున్న కంగారూ ఫొటో ఉంది, లాస్యకు అది చూపించు.

ఉత్తరాల్లో ఇంకా గాడిదల మీద స్వారీ, కమలాపండ్లు, కైరో ట్రాము, వెంటపడి "బక్షీస్" అని అడిగే పిల్లలు. ఆ మాట వాళ్ళకు కొత్త, మనకు మాత్రం పాత చుట్టమే. జీతం గురించి కూడా రాసేవాళ్ళు. ఆస్ట్రేలియా సిపాయికి రోజుకు 6 షిల్లింగులు, బ్రిటిష్ సిపాయికి ఒకటి.

ఒక విషయం మీకు దాచకుండా చెప్పాలి. ఆ ఉత్తరాల్లో చాలాచోట్ల ఈజిప్టు వాళ్ళను చులకనగా, నీచమైన మాటలతో రాశారు. మీ టీచరు ఆ భాగం తీసేసి ఇచ్చి ఉండవచ్చు. ఈజిప్టు అప్పుడు బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉంది. మన దేశమూ అంతే. ఆ పొలాలు, ఆ ఇసుక ఎవరివో ఆ కుర్రాళ్ళలో ఎక్కువమంది ఆలోచించలేదు. 1915 ఏప్రిల్ 2న, గుడ్ ఫ్రైడే నాడు, కైరోలో ఒక పేట మీద పడి సామాన్లు కిటికీల్లోంచి వీధిలోకి విసిరి తగలబెట్టారు. ఆ కుర్రాళ్ళ కోసం నా మనసు బాధపడుతుంది. ఆ పేటలో ఉన్నవాళ్ళ కోసం కూడా బాధపడుతుంది. రెండూ మీకు తెలియాలి.

ఇక యుద్ధం గురించి ఎందుకు రాయలేదు? మేనాలో ఉన్నప్పుడు వాళ్ళకు యుద్ధం ఎలా ఉంటుందో ఇంకా తెలియదురా. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, వీపున బరువు వేసుకుని చీలమండలు దిగబడే ఇసుకలో నడక. పగలు చెమట, రాత్రి చలి. చాలామందికి న్యుమోనియా పట్టుకుంది. పక్కనే ఉన్న మేనా హౌస్ అనే పెద్ద హోటల్‌ను ఆసుపత్రి చేశారు. తుపాకీ పేల్చే రోజు రాకముందే జబ్బు చేసి పోయినవాళ్ళు కైరో శ్మశానంలో ఉన్నారు. నీ సైనికుడు మేజోళ్ళు అడిగాడంటే ఆ ఇసుకలో అతని కాళ్ళు ఎలా ఉండి ఉంటాయో ఊహించు.

రెండోది సెన్సారు. సిపాయి రాసిన ఉత్తరాన్ని అతని దళంలోని ఆఫీసరే చదివేవాడు. ఎక్కడికి వెళ్తున్నాం, ఎప్పుడు, ఎంతమందిమి, ఇవేవీ రాయకూడదు. రాస్తే ఆ ముక్కను గీత గీసి కొట్టేస్తారు. రోజూ ఎదురుపడే ఆఫీసరు చదువుతాడని తెలిసి అమ్మకు మనసు విప్పి రాయడం ఎంత కష్టమో ఆలోచించండి. యుద్ధరంగం నుంచి పంపడానికైతే అచ్చువేసిన కార్డు ఉండేది. నేను బాగున్నాను, ఆసుపత్రిలో చేరాను, మీ ఉత్తరం అందింది, చాలాకాలంగా మీ ఉత్తరం లేదు, ఇలా వరసగా వాక్యాలు. తనకు వర్తించనివి కొట్టేసి కింద సంతకం పెట్టాలి. ఇంకో మాట చేరిస్తే కార్డును చించేస్తారు. మన పాత ఉత్తరాల్లో "ఉభయకుశలోపరి" అని ఉండేది. అంటే ఇక్కడా అక్కడా క్షేమమే, ఇక విషయానికి వస్తే అని అర్థం. ఆ కార్డులో ఉభయకుశలం వరకే ఉంది, 'ఉపరి' లేదు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. చదివేది అమ్మ.

మీకు నేను చూసినది ఒకటి చెప్తాను. 1971లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా వీధి చివర ఒకావిడ ఉండేది, నాకు వరసకు పిన్ని. చదువు రాదు. కొడుకు మిలటరీలో ఉండేవాడు. కవరు మీద '56 ఏపీఓ', అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు, అనే ఉంటుంది తప్ప ఊరి పేరు ఉండదు. ఉత్తరం రాగానే నేనే చదివి పెట్టాలి. ఆ ఏడు దసరా వెళ్ళాక ఒకటి వచ్చింది. బాగున్నాను, తిండి బాగుంది, కబడ్డీ ఆడుతున్నాం, మాకు కొత్త రగ్గులు, ఉన్ని మేజోళ్ళు ఇచ్చారు, గేదె ఈనిందా, ఇంతే. బాగుందే పిన్నీ, ఏం టెన్షన్ లేదు అన్నాను. ఆవిడ రెండోసారి చదవమంది. చదివాను. "రగ్గులు ఇచ్చారంటే చలిదేశం పంపుతున్నారన్నమాట. మొన్నటిదాకా ఎండ అనేవాడుగా" అంది. తారీఖు అడిగింది. ఉత్తరం రాసి అప్పటికి పన్నెండు రోజులు. "అయితే ఈపాటికి వెళ్ళిపోయే ఉంటాడు" అని లోపలికి వెళ్ళింది. అక్షరం రాని మనిషి చదివింది ఉత్తరం, నేను కాదు. డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. కొడుకు మరుసటి ఉగాదికి సెలవు మీద ఇంటికొచ్చాడు, ఆ రోజు మా వీధి వీధంతా అరుగుల మీదే ఉంది. అప్పటి నుంచి ఎవరి ఉత్తరం చదివినా నేను ముందు తారీఖు చూస్తాను.

నువ్వూ అలాగే చూడు. ఈజిప్టులో వేసిన ఉత్తరం ఆస్ట్రేలియాలో ఇల్లు చేరడానికి ఐదారు వారాలు పట్టేది. 11వ బెటాలియన్ మార్చి మొదట్లోనే ఈజిప్టు వదిలి, టర్కీకి దగ్గర్లోని లెమ్నోస్ దీవికి వెళ్ళింది. మిగతావాళ్ళు ఏప్రిల్‌లో కదిలారు. ఏప్రిల్ 25న తెల్లవారకముందు టర్కీలోని గల్లిపోలి ఒడ్డున మొదట దిగినవాళ్ళలో ఆ ఫొటోలోని కుర్రాళ్ళున్నారు. ఆ రోజే మన దేశపు పర్వత ఫిరంగి దళం కూడా, కంచరగాడిదలతో సహా, అదే ఒడ్డున దిగింది. ఏప్రిల్ మొదట్లో మేనాలో రాసిన ఉత్తరం మే నెలలో ఇంటికి చేరుతుంది. పిరమిడ్ కబుర్లు చదివి ఇంట్లో నవ్వుకుంటున్న ఆ రోజుకు కొందరు అప్పటికే లేరు. గల్లిపోలిలో 8 వేలకు పైగా ఆస్ట్రేలియా వాళ్ళు చనిపోయారు. యుద్ధం మొత్తంలో దాదాపు 60 వేలు.

చావు కబురు ఇంటికి చెప్పే పని ఆస్ట్రేలియాలో చర్చి పాస్టర్లకు అప్పగించారు. దాంతో పాస్టరు గారు వీధిలో నడిచొస్తుంటే ఆడవాళ్ళ గుండెలు జారిపోయేవి. మన దగ్గర చావు కబురు ఉత్తరం ఇంట్లో ఉంచుకోరు, చదివి చించేస్తారు. శుభలేఖకైతే నాలుగు మూలలా పసుపు రాస్తారు. టెలిగ్రాం అంటే చాలు, ఏముందో తెలియకముందే ఏడుపు మొదలయ్యేది. నేను సైకిల్ దిగకముందే నా మొహం చూసేవాళ్ళు. అందుకే ఆ పాస్టర్ల గురించి చదివినప్పుడు నాకు చాలాసేపు ఏమీ తోచలేదు.

తల్లులు రాసిన ఉత్తరాలు కొడుకు పోయాక అక్కడికి చేరేవి. వాటిమీద ముద్ర వేసి వెనక్కి పంపేవాళ్ళు. కొడుకు ఏమయ్యాడో తెలియని వాళ్ళ కోసం 1915 అక్టోబరులో వీరా డీకిన్ అనే అమ్మాయి కైరోలో రెడ్‌క్రాస్ తరఫున ఒక ఆఫీసు తెరిచింది. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని కూతురు, వయసు ఇరవై మూడు. ఆ ఆఫీసు వాళ్ళు ఆసుపత్రుల్లో మంచం మంచానికి వెళ్ళి, ఫలానా కుర్రాణ్ణి చివరిసారి ఎక్కడ చూశావు అని తోటి సైనికులను అడిగి, ఇంటివాళ్ళకు జవాబు రాసేవాళ్ళు. ఈ మొత్తం కథలో నేను చేతులెత్తి దండం పెట్టేది ఆ అమ్మాయికే.

మీ దగ్గర ఆ ఉత్తరాలు మిగిలాయి. ఇళ్ళల్లో దాచుకున్నారు, ఊరి పత్రికల్లో అచ్చువేశారు, యుద్ధం అయ్యాక సిడ్నీ లైబ్రరీ డబ్బిచ్చి మరీ కొన్నది. మన సిపాయిలకు ఆ భాగ్యం లేదు. ఫ్రాన్సుకు వెళ్ళిన మనవాళ్ళలో చాలామందికి రాయడం రాక పక్కవాడితో రాయించుకున్నారు. అక్కడి బులోన్ ఊళ్ళో సెన్సారు ఆఫీసు వాటిని చదివేది. అది తెలిసి కొందరు నల్ల మిరియాలు అంటే మనవాళ్ళు, ఎర్ర మిరియాలు అంటే తెల్ల సైనికులు అని మారుమాటల్లో రాశారు. సెన్సారు వాళ్ళు ఇంగ్లీషులోకి మార్చి ఎత్తి రాసుకున్న ముక్కలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. అసలు కాగితాలు చాలావరకు మన పల్లెల్లో చెదలకూ వానకూ పోయాయి. మన దగ్గర మిలటరీ మాధవరం ఉంది కదా, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరు. ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్తాను. ఎవరింట్లోనైనా ట్రంకుపెట్టె అడుగున ఒక్క కార్డైనా ఉందేమో అడుగుదాం.

శ్రీకర్, నీ ప్రాజెక్టులో ఉన్న ఆఖరి ఉత్తరం తీసి, పైన తారీఖు చూడు. దానికి ఆరు వారాలు కలుపు. ఆ తల్లి కవరు చించిన రోజు ఏదై ఉంటుందో లెక్క కట్టి నాకు రాయి. ఫోన్‌లో వద్దు, కాగితం మీద రాసి స్టాంపు అంటించి పంపు.

ఉంటాను.
మీ తాతయ్య

మరిచాను. అమ్మమ్మ పక్కన కూర్చుని అడుగుతోంది: అక్కడ చలి మొదలైందా, పోయినేడు అల్లిన స్వెట్టర్లు ఇంకా సరిపోతున్నాయా అని. చేతుల కొలత దారంతో తీసి ఉత్తరంలో పెట్టమంటోంది.