ఎరువు పడితే పాడయ్యే కొండనేల

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం నైరుతి మూలన, కాలిఫోర్నియా సరిహద్దు దగ్గర, ఎయిట్ డాలర్ మౌంటెన్ అనే కొండ ఉంది. ఎత్తు సుమారు 1,200 మీటర్లు. ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే చెప్పే కథల్లో ఒకటి ఇది: ఎవరో ఎనిమిది డాలర్లు పెట్టి బూట్లు కొనుక్కుని కొండ చుట్టూ ఒక్కసారి తిరిగొచ్చేసరికి అవి అరిగిపోయాయట. నిజమో కాదో గానీ, ఆ నేల మీద నాలుగడుగులు వేసినవాళ్లు మాత్రం నమ్మేస్తారు. అక్కడ మట్టి కంటే రాయే ఎక్కువ.

చుట్టుపక్కల కొండల మీద డగ్లస్ ఫర్ చెట్లు పైన ఆకాశం కనపడనంత దట్టంగా ఉంటాయి. ఈ కొండకు వచ్చేసరికి ఎవరో గీత గీసినట్టు అడవి ఆగిపోతుంది. గీతకు ఇవతల తుప్పు రంగు రాళ్లు, మధ్య మధ్య గడ్డి దుబ్బులు, దూరదూరంగా జెఫ్రీ పైన్ చెట్లు. వాన తక్కువై ఇలా ఉందా అంటే కాదు. మన అనంతపురానికి రెట్టింపు కంటే ఎక్కువ వానే పడుతుంది. గీతకు అటూ ఇటూ ఒకే వాన, ఒకే ఎండ, ఒకే చలి. తేడా అంతా అడుగున ఉన్న రాయిలోనే.

ఆ రాయి నిజానికి నేల పైన ఉండాల్సిందే కాదు. దాని పేరు పెరిడొటైట్. మనం నిలబడే భూపటలం కింద, ఎన్నో కిలోమీటర్ల లోతున, మాంటిల్ అనే పొర ఉంటుంది. దాని పైభాగం చాలావరకు ఈ రాయితోనే తయారైంది. దాదాపు 16 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఒక సముద్రపు అడుగు ఉండేది. భూఫలకాలు ఒకదాన్నొకటి నెట్టుకున్నప్పుడు ఆ సముద్రపు అడుగూ, దాని కింది మాంటిల్ ముక్కా కలిసి ఖండం అంచు మీదికి ఎక్కేశాయి. అలా పైకొచ్చిన రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు అల్ట్రామాఫిక్ అంటారు. ‘మా’ అంటే మెగ్నీషియం, ‘ఫిక్’ అంటే ఇనుము. ఆ రెండూ అతిగా ఉన్న రాయి అని అర్థం.

ఈ రాయిలోకి నీళ్లు చేరితే అది సర్పెంటీన్‌గా మారుతుంది. ఆకుపచ్చ, నలుపు మచ్చలతో, చేత్తో తడిమితే నున్నగా జారుతూ, పాము చర్మంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. మన ‘సర్పం’, వాళ్ల ‘సర్పెంట్’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే. అందుకని దీన్ని సర్పశిల అనుకుంటే తప్పులేదు.

ఇక మట్టి సంగతి. రాయి చివికితే మట్టి అవుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఎంత మట్టి అవుతుందన్నది మాత్రం రాయిని బట్టి ఉంటుంది. గ్రానైట్‌లో అల్యూమినియం దండిగా ఉంటుంది. అది చివికితే బంకమన్ను తయారవుతుంది, ఇసుక మిగులుతుంది. పెరిడొటైట్‌లో అల్యూమినియం చాలా తక్కువ. వాననీటికి అందులోని మెగ్నీషియం కరిగి వాగుల్లో కొట్టుకుపోతుంది. సిలికాలో కూడా చాలా భాగం పోతుంది. మిగిలేది ఇనుము తుప్పు, కాస్తంత బంకమన్ను, ఇంకా చివకని రాళ్లు. వాలు మీదైతే ఆ మిగిలిందీ నిలవదు. మట్టి లేక మొక్కలు పలచగా ఉంటాయి, మొక్కలు లేక మట్టి జారిపోతుంది. చాలాచోట్ల 50 సెంటీమీటర్లు తవ్వేలోపే పలుగు బండకు తగులుతుంది. మట్టిలో మూడో వంతుకు మించి రాళ్లే ఉన్న ఇలాంటి నేలలకు అమెరికా మృత్తికా శాస్త్రజ్ఞులు ‘స్కెలిటల్’ అని పేరు పెట్టారు, అంటే అస్థిపంజరపు నేలలు. శాస్త్రవేత్తలు పెట్టే పేర్లు ఎప్పుడూ ఇంత బాగుండవు.

లోతు తక్కువ, రాళ్లు ఎక్కువ అంటే తెలంగాణ రైతుకు చెల్క నేలలు గుర్తొస్తాయి. కానీ చెల్క గ్రానైట్ బిడ్డ. అందులో ఎంతో కొంత పొటాషియం ఉంటుంది. పశువుల ఎరువు తోలి, వేళకు వాన పడితే ఆముదాలో కందులో చేతికొస్తాయి. సర్పశిల నేల అలా లొంగదు. ఇక్కడ నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ కరువే. అంతకంటే పెద్ద చిక్కు కాల్షియం. మామూలు సారవంతమైన నేలలో మెగ్నీషియం కంటే కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. ఇక్కడ అది తలకిందులు. వేరు కాల్షియం కోసం తలుపు తెరిస్తే మెగ్నీషియం గుంపుగా తోసుకొస్తుంది. కాల్షియం అందని కణాల పొరలు బలహీనపడి కొత్త వేర్ల కొసలే చచ్చిపోతాయి. చాలదన్నట్టు నికెల్ ఒకటి. మామూలు మట్టిలో కిలోకి కొన్ని పదుల మిల్లీగ్రాములుండే ఈ లోహం ఇక్కడ వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. ఇదే ప్రాంతంలో కొంచెం ఉత్తరాన, రిడిల్ అనే ఊరి దగ్గరున్న కొండ పేరే నికెల్ మౌంటెన్. 1954 నుంచి దశాబ్దాలపాటు అక్కడ ఈ ఎర్రమట్టిని తవ్వి, కరిగించి నికెల్ తీశారు.

1950లలో ఈ నేలల మీద గట్టిగా పనిచేసిన రిచర్డ్ వాకర్ అనే వృక్షశాస్త్రవేత్త ఒక సులువైన ప్రయోగం చేశాడు. సర్పశిల మట్టిని కుండీల్లో పోసి కాల్షియం పాళ్లు పెంచుతూ, తగ్గిస్తూ మొక్కల్ని పెంచాడు. కాల్షియం తగ్గేకొద్దీ పంట మొక్కలు కుదేలైపోయాయి. ఆ కొండల్లో పుట్టి పెరిగిన మొక్కలు మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. ఉన్న కాస్త కాల్షియాన్నే ఏరుకుని తాగడం వాటికి వచ్చు.

ఇలా బతకనేర్చిన మొక్కల్లో చిత్రాలకు లోటు లేదు. ఎయిట్ డాలర్ కొండ కింద ఊటనీళ్లు పారే చోట్ల డార్లింగ్టోనియా అనే మొక్క గుంపులు గుంపులుగా పెరుగుతుంది. దాన్ని అక్కడ కోబ్రా లిల్లీ అంటారు. గొట్టంలాంటి ఆకు నిటారుగా లేచి, కొసన పడగలా వంగి, ముందుకు చీలిన నాలుక చాపినట్టు ఉంటుంది. నాగులచవితికి పుట్ట దగ్గర పెట్టినా ఎవరూ అనుమానించరు. మట్టిలో దొరకని నత్రజనిని ఇది ఈగల నుంచి, చీమల నుంచి తీసుకుంటుంది. పడగలో అక్కడక్కడా అద్దాల్లాంటి పారదర్శకమైన మచ్చలుంటాయి. లోపలికొచ్చిన ఈగ వెలుతురు కనపడిన ప్రతిచోటా బయటికి దారి ఉందనుకుని కొట్టుకుని, అలిసి, గొట్టంలోకి జారిపోతుంది. సర్పశిల మీద సర్పంలాంటి మొక్క. అది కాకతాళీయమే, కానీ రాయకుండా ఉండలేకపోయాను.

నికెల్ సంగతికి ఇటలీ వెళ్లాలి. టస్కనీలో ఒక రకం పసుపుపూల మొక్క నల్లరాళ్ల కొండల మీదే పెరుగుతోందని 1583లోనే ఆండ్రియా చెసాల్పినో అనే వృక్షశాస్త్రవేత్త రాశాడు. ఎందుకో ఆయనకు తెలియదు. 1948లో మింగుజ్జి, వెర్న్యానో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాని ఎండుటాకుల్ని పరీక్షించి చూస్తే వాటిలో దాదాపు 0.8 శాతం నికెలే. మామూలు మొక్కయితే అందులో చాలా చిన్న వంతుకే మాడిపోతుంది. ఆ తర్వాత ఇలాంటివి వందల్లో బయటపడ్డాయి. పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టుకు గాటు పెడితే నీలి ఆకుపచ్చ రంగు పాలు కారతాయి. ఆ పాలను ఎండబెడితే బరువులో నాలుగో వంతు నికెల్!

విషాన్ని ఇంతలా దాచుకోవడం దేనికి? కాలిఫోర్నియాలో పెరిగే స్ట్రెప్టాంథస్ జాతి మొక్క ఒకదాని మీద రాబర్ట్ బాయ్డ్, స్కాట్ మార్టెన్స్ అనే శాస్త్రవేత్తలు 1990లలో ప్రయోగాలు చేశారు. నికెల్ నిండిన ఆకులు తిన్న పురుగులు చచ్చిపోయాయి. అంటే మొక్క తన మందు తానే కొట్టుకుంటోందన్నమాట. అయితే ప్రతి మందుకూ ఒక మొండి పురుగు ఉంటుందని పత్తి రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. ఈ మొక్కనే తిని, ఆ నికెల్‌ను ఒంట్లో మోస్తూ హాయిగా బతికే నల్లి ఒకటి దొరికింది. దానికి బాయ్డ్ పేరే పెట్టారు.

కాలిఫోర్నియా 1965లో సర్పెంటీన్‌ను తన రాష్ట్ర శిలగా ప్రకటించుకుంది. ఇందులో కొన్నిచోట్ల రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఉంటుందని 2010లో ఆ హోదా తీసేయబోయారు గానీ బిల్లు నెగ్గలేదు. మన పులివెందుల దగ్గర దొరికే రాతినార కూడా ఇదే రకం ఖనిజం. కాకపోతే దాని పుట్టుక వేరు. అది మాంటిల్ రాయి కాదు, డోలమైట్ సున్నపురాయిలోకి శిలాద్రవం చొచ్చుకొచ్చినప్పుడు తయారైంది.

ఈ మొక్కలకు ఈ పాడు నేల ఇష్టమా అన్నది అసలు ప్రశ్న. వాకర్‌తో కలిసి పనిచేసిన ఆర్థర్ క్రూకెబర్గ్ దీన్నీ పరీక్షించాడు. సర్పశిల మొక్కల్ని మంచి మట్టిలో నాటాడు. అవి చావలేదు సరికదా, చక్కగా పెరిగాయి. కానీ అదే మంచి మట్టిలో వేరే మొక్కల్ని కూడా పక్కన వదిలితే ఇవి వాటి నీడలో పడి నలిగిపోయాయి. అంటే ఈ కొండల్ని అవి కోరుకుని రాలేదు. బలవంతుల పోటీ తట్టుకోలేక, వాళ్లెవరూ రాలేని చోట తలదాచుకున్నాయి. ఇక్కడి పేదరికమే వాటికి కోటగోడ.

ఆ గోడ ఎలా కూలుతుందో చూడాలంటే మనవాళ్లు వేలల్లో ఉన్న చోటికే వెళ్లాలి. కాలిఫోర్నియాలోని శాన్ హొజే నగరానికి దక్షిణాన హైవే 101 పక్కన కొయోటీ రిడ్జ్ అనే సర్పశిల గుట్టలున్నాయి. వసంతంలో వాటి మీద చిన్నచిన్న పూలు తివాచీ పరిచినట్టు పూస్తాయి. ఆ పూల మధ్య ఉండే చిట్టి మొక్క ఒకటి బే చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగులకు తిండి. ఆ సీతాకోకచిలుకను 1987లో ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. ఈ గుట్టల్లో కొన్నిచోట్ల పశువుల మేత ఆపేశారు. మేత ఆగితే పూలకు మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగింది వేరు. కొద్ది ఏళ్లలోనే బయటినుంచి వచ్చిన రై గడ్డి ఒత్తుగా అల్లుకుని పూల మొక్కల్ని మింగేసింది. సీతాకోకచిలుకలు కుప్పకూలాయి.

ఎప్పుడూ ఇంత ఒత్తుగా గడ్డి మొలవని నేలలో ఇప్పుడెలా మొలిచింది? స్టువర్ట్ వైస్ అనే జీవశాస్త్రవేత్త 1999లో జవాబు చెప్పాడు: కార్లు. కార్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పొగను శుభ్రం చేయడానికి పెట్టిన కెటలిటిక్ కన్వర్టర్ వదిలే అమ్మోనియా గాలిలో తేలొచ్చి గుట్టల మీద దిగుతున్నాయి. ఏడాదికి హెక్టారుకు 10 నుంచి 15 కిలోల నత్రజని అని అతని లెక్క. మన లెక్కలోకి మారిస్తే, ఎవరూ అడగకుండానే ప్రతి ఏటా ఎకరానికి పావు బస్తా యూరియా చల్లుతున్నట్టు. ఆఫీసుకు పోతూ ట్రాఫిక్‌లో ఇరుక్కుని టెన్షన్ పడే మనవాళ్ల కార్లదీ అందులో ఒక వాటా.

పొగను ఆపడం ఎవరి తరమూ కాలేదు. అందుకని ఆవుల్ని నమ్ముకున్నారు. ఆవు చిట్టి పూలమొక్కల కంటే ఒత్తైన గడ్డినే ముందు మేస్తుంది. అలా మేసి బరువెక్కిన పశువును లారీ ఎక్కించి సంతకు తోలేసినప్పుడు, గాల్లోంచి దిగిన నత్రజనిలో కొంత దాని ఒంట్లో కండగా మారి, అదే 101 మీదుగా గుట్ట వదిలి వెళ్లిపోతుంది.