అరచేతిలోనే సుత్తి, అరచేతిలోనే దాగలి

"కారు టైరు మార్చాక వీల్ కప్పుని అరచేత్తో నాలుగు దెబ్బలు వేసి బిగిస్తాం కదా, దానికే చేతిలో రక్తనాళం ఉబ్బిపోతుందా?" అని ఒక మెకానిక్ అడిగారు. ఒక్క రోజుకి కాదు గానీ, ఏళ్ల తరబడి అదే పనైతే ఉబ్బొచ్చు. డాక్టర్లు పెట్టిన పేరులోనే సుత్తి ఉంది: హైపోథీనార్ హామర్ సిండ్రోమ్.

అరచెయ్యి తిప్పి చూసుకోండి. చిటికెన వేలి వైపు, మణికట్టు దాటగానే మెత్తగా కండ ఉంటుంది, హైపోథీనార్ అంటే ఇదే. దాని లోపల హేమేట్ అనే ఎముకకి చిన్న కొక్కెం ఉంది, అల్నార్ ధమని ఆ కొక్కెం పక్కనుంచే వేళ్లకి పోతుంది, పైన కప్పు అంటే చర్మం, కొవ్వు, ఓ పల్చటి కండరం, అంతే. దెబ్బ సుత్తి, కొక్కెం దాగలి, మధ్యలో ఇరుక్కున్నది ధమని. దాగలి మీద ఇనుము సాగినట్టే ధమని గోడా సాగుతుంది. పైగా ఇనుముకి లేని కష్టం దీనికి ఇంకోటి ఉంది, గొట్టం వెడల్పయ్యేకొద్దీ అదే బీపీకి గోడ మీద లాగుడు పెరుగుతుంది (లాప్లాస్ సూత్రం), అంటే ఉబ్బిందే ఇంకా ఉబ్బుతుంది.

ఇది పగలడం అరుదు. అసలు భయం గడ్డలతోటి. ఉబ్బులో రక్తం సుడి తిరిగి గడ్డకడుతుంది, తునకలు ఊడి వేళ్లలోకి పోతాయి, ఎక్కువగా ఉంగరం వేలు చల్లబడి నీలంగా మారుతుంది. ఉంగరం వేలు కాబట్టి రాయి పడలేదనుకుని ఉంగరం మార్చేవాళ్లూ ఉంటారు! ఇంకో ప్రమాదం, చీము గడ్డనుకుని కోసేయడం. వేలు పెట్టి చూస్తే కొట్టుకుంటున్న వాపుని కొయ్యకూడదు.

ఆపరేషన్‌లో ఉబ్బిన ముక్కని కోసి తీసేస్తారు. తర్వాత కొసలు కట్టేయాలా, కలపాలా? మణికట్టు దగ్గర, చేతికి రక్తం తెచ్చే రెండు ధమనులూ (చిటికెన వేలి వైపు అల్నార్, బొటనవేలి వైపు ఇంకోటి) నొక్కిపట్టి, పిడికిలి బిగించి తెరిస్తే చెయ్యి తెల్లబడుతుంది. బొటనవేలి వైపుది ఒక్కటే వదిలితే చెయ్యంతా ఎర్రబడిందా, ఆ దారి చాలినట్టే. ఇది 1929 నాటి అలెన్ పరీక్ష. చాలితే కట్టేయొచ్చు. చాలకపోతే, కొసలు లాగకుండా అందకపోతే, ముంజేతి నుంచో పాదం నుంచో సిర ముక్క తెచ్చి, వెంట్రుక కన్నా సన్నటి నైలాన్ దారంతో మైక్రోస్కోపు కింద కుడతారు. సిర లోపల ఒకవైపే తెరుచుకునే కవాటాలుంటాయి, అందుకని తలకిందులు చేసి పెట్టాలి, లేకపోతే రక్తం వాటి దగ్గరే ఆగిపోతుంది. కుట్టాక, రక్తం రాకుండా ధమనికి పెట్టిన క్లాంపులు (బిగింపు క్లిప్పులు) వదిలి, అందరూ ఉంగరం వేలి కొస వైపే చూస్తారు.