కోయిలకుంట్ల పోరు: పోయినవాళ్ల సమాధులు ఎక్కడ?

కోయిలకుంట్ల దగ్గర మా మామ చేని గట్టు మీద, వేపచెట్టు కింద, నడుమెత్తు బండ ఒకటి ఉంది. ఉగాదికి సున్నం కొట్టి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతారు. "మన పెద్దాయనదిరా ఇది, రెడ్డితో పాటు పోయినాడు" అంటాడు మామ. ఈ చుట్టుపక్కల ఇంటిపేరు చెప్పకుండా రెడ్డి అంటే ఒక్కరే, 1846లో తెల్లవాళ్ల మీద తిరగబడిన పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. పోయినేడు సున్నం గీకి చూశాం. కింది అరలో కత్తి, బాకు పట్టిన మనిషి, పక్కకు వేసిన కొప్పు. నడిమి అరలో ఇద్దరు ఆడవాళ్లు అతన్ని భుజాలు పట్టి పైకి తీసుకుపోతున్నారు. పై అరలో లింగం. అచ్చం పాతకాలపు వీరగల్లు, అంటే పోరులో చచ్చినవాడి పేరున నిలిపే రాయి. రెడ్డి కాలానికి కొన్ని వందల ఏళ్ల ముందుది కావచ్చు.

ఇలాంటి రాళ్లను తమ తాతలవని నమ్మే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. నమ్మకాన్ని తప్పుపట్టను. అసలు సమాధులు ఎందుకు దొరకవో తెలియాలంటే మాత్రం వెనక్కి పోవాలి.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చేశాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్ల చేతుల్లోంచి పాలెం తీసేసి, భరణం పెట్టాడు. పాలెగాడి కింద ఊరి కాపలా కాసే కట్టుబడివాళ్లకు ఇనాం భూములుండేవి. కాలం గడిచేకొద్దీ అవీ కోతపడ్డాయి. నరసింహారెడ్డికి వచ్చేది నెలకు పదకొండు రూపాయల చిల్లర. నొస్సం పాలెగాళ్ల భరణం వారసులు లేరని ఆగిపోయింది. 1846 జులైలో రెడ్డి, ఆయన మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. రుద్రవరం, గిద్దలూరు, నల్లమల మీదుగా మూడు నెలలు నడిచి, అక్టోబర్ 6న పేరుసోముల దగ్గర పోరు ముగిసింది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెడ్డికి ఉరి. తల కోట గుమ్మానికి ముప్పై ఏళ్లు వేలాడిందని చెబుతారు. నాయకుడి తలే అలా ఉంటే, వెంట నడిచినవాళ్లకు సమాధి ఎవరు కడతారు?

ఇంకో మాట చెబితే కొందరికి నచ్చదు. ఖజానా దగ్గర చచ్చిన కాపలావాళ్లు తెల్లవాళ్లు కారు. ఈ ఊళ్లవాళ్లే, తెలుగులో ఏడ్చినవాళ్లే. కట్టుబడివాళ్లలో కొందరు రెడ్డి వైపు పోతే, ఇంకొందరు జీతం తీసుకుని సర్కారు వైపే ఉన్నారు. మా తాత అటు కాపలా కాశాడని చెప్పుకునేవాడు ఒక్కడూ నాకు తగల్లేదు. అందరి తాతలూ రెడ్డి వెంటే నడిచారంటే ఖజానాకు కాపలా ఎవరున్నట్టు?

పట్టుబడినవాళ్ల సంగతికొస్తే, 901 మంది మీద కేసులు పెట్టారని, 112 మందికి ఐదు నుంచి పద్నాలుగేళ్ల దాకా శిక్షలు పడ్డాయని లెక్క. కొందరిని అండమాన్‌కు పంపారని ఇప్పటికీ రాస్తుంటారు. అండమాన్‌లో ఆ ఖైదీల స్థావరం మొదలైంది 1857 తిరుగుబాటు తర్వాత, 1858లో. అంతకుముందు మద్రాసు నుంచి ద్వీపాంతరమంటే పెనాంగ్, సింగపూర్ వైపే. అలా పోయినవాడి సమాధి సీమలో వెతికితే ఏం దొరుకుతుంది!

ఇక్కడే చనిపోయినవాళ్లకూ రాతి సమాధి అరుదు. ఈ సీమలో చాలా కులాల్లో పూడ్చడమే ఆనవాయితీ, అదీ తరచుగా సొంత చేనిలోనే. నాలుగు రాళ్లు పేర్చి వదిలేస్తారు. నల్లరేగడిలో రాళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి? చేను చేతులు మారితే కొత్తవాడు గట్టు మీదికి విసిరేస్తాడు.

కాగితాల్లో వెతికేవాళ్లు మొదట తప్పు తలుపు తడతారు. ఉయ్యాలవాడ అప్పట్లో కర్నూలు జిల్లా కాదు. కోయిలకుంట్ల తాలూకా 1858 దాకా కడపది, ఆ తర్వాత కర్నూలులో కలిసింది, 2022 నుంచి నంద్యాల జిల్లా. 1846 ఉత్తరాలు ఎక్కువగా కడప కలెక్టరు పేరు మీద నడిచినవి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చూడాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కు పోవాలి. కర్నూలు రికార్డు రూములో నాలుగు రోజులు దుమ్ము దులిపాక గానీ ఈ సంగతి నాకూ తట్టలేదు.

నా లెక్కలో సమాధి కంటే ముందు వెతకాల్సింది చేను. 1858 తర్వాత ఇనాం కమిషన్ రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఇనాం మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్లకు వరసేమిటి అని రాసి ఉంటుంది. భూమి జప్తయినవాడి పేరు అందులో ఉండకపోవచ్చు గానీ అన్నదమ్ములవాళ్లదో, దాయాదులదో ఉంటుంది. అక్కడి నుంచి పాత సర్వే నంబరు, దాని నుంచి డైగ్లాట్‌లో, అంటే పాత, కొత్త సర్వే నంబర్లు రెండూ ఉండే రిజిస్టరులో, కొత్త నంబరు పట్టుకోవచ్చు.

మా ఇంటి కాగితాలు అలా పట్టుకుపోతే తేలిందేమిటంటే, వేపచెట్టు ఉన్న చేను మా తాత 1950ల్లో వేరేవాళ్ల దగ్గర కొన్నది. పాత చేను ఊరికి అవతల, కుందూ నది వైపు ఉంది. అందులో ఇప్పుడు పప్పుశనగ వేసి ఉన్నారు. పంట తీసినాక పోయి చూద్దామన్నాడు మామ.